కంటి కటకంలో ప్రోటీన్ల ముసలితనం

సభకు నమస్కారం.

శరీరంలోని ప్రోటీన్లలో చాలావాటికి ముసలితనం వచ్చేంత ఆయుష్షు ఉండదు. హీమోగ్లోబిన్ సైతం ఎర్ర రక్తకణంతో పాటు సుమారు 120 రోజులకే కాలం చెల్లిపోతుంది. మనతో పుట్టి మనతోనే ముసలివయ్యే ప్రోటీన్లను చూడాలంటే కంటి కటకాన్ని పరిశీలించాలి. వెలుతురుకు అడ్డు రాకుండా అక్కడి కణాలు తమ కేంద్రకాన్నీ ఇతర కణాంగాలనూ పూర్తిగా వదులుకుంటాయి కాబట్టి, పాడైన ప్రోటీన్ స్థానంలో కొత్తది తయారుచేసుకునే వీలు వాటికి ఇక ఉండదు. కటకం నడిమధ్యన ఉన్న క్రిస్టలిన్లు అనే ప్రోటీన్లు చాలావరకు మనం తల్లి కడుపులో ఉండగా ఏర్పడినవే. అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను ఆధారం చేసుకుని 2008లో డెన్మార్క్ పరిశోధకులు ఈ సంగతినే రూఢి చేశారు.

ఇన్నేళ్ళలో వాటికి జరిగేదేమిటి? నీరూ, ఒంటి వెచ్చదనమూ చాలు. ఏ ఎంజైమూ అక్కరలేదు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం పక్క బంధంలోని నత్రజనితో కలిసి ఐదు పరమాణువుల వలయంగా ముడుచుకుంటుంది, ఆ క్రమంలో అమ్మోనియా ఊడిపోతుంది. నీటి వల్ల ఆ వలయం తెగినప్పుడు మామూలు ఆస్పార్టిక్ ఆమ్లం కన్నా ఐసో ఆస్పార్టిక్ ఆమ్లమే దాదాపు మూడింతలు ఎక్కువగా ఏర్పడుతుంది. దానితో గొలుసు వెన్నెముకలో ఒక కార్బన్ అదనంగా చేరి, ఉండకూడని చోట వంకర వస్తుంది. అంతకుముందు లేని ఋణావేశమూ వచ్చి చేరుతుంది. వలయంగా ఉన్న దశలోనే కొన్ని ఎడమ రూపం వదిలి, దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి కుడి రూపానికి తిరగబడతాయి.

ఇలా వంకరపోయిన వాటిని క్రిస్టలిన్లలోనే ఒకటైన ఆల్ఫా క్రిస్టలిన్ పట్టి ఉంచి, ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ అనే పరిశోధకుడు చూపించారు. అయితే ఆ కాపలాదారు కూడా పాతకాలపు నిల్వే. నలభై దాటేసరికి కటకం నడుమ నీటిలో కరిగి ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు అడుగంటుతుంది. కటకం గట్టిపడి చత్వారం వచ్చే వయసూ అదే కావడం కాకతాళీయమని నేను అనుకోను.

ఆపైన ప్రోటీన్లు గుంపులు కట్టి వెలుతురును చెదరగొడతాయి. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొనకు జరిగేదీ ఇలాంటిదే. మనం కంటికి పొర వచ్చిందంటాం గానీ, శుక్లమంటే పైన కమ్మిన పొర కాదు, కటకమే మసకబారడం. అది బాగా ముదిరితే తేనె రంగు దాటి గోధుమ రంగుకు తిరిగి, నీలం వెలుతురును మింగేస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పాక మా అమ్మ వరండాలోకి వచ్చి, అన్నాళ్ళుగా తాను బూడిదరంగు అనుకుంటూ కట్టుకున్న చీర లేత నీలమని కనుక్కుంది.