వెనకవైపు తాళం ఉన్న కంప్యూటరు

సభకు నమస్కారం. అధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న ప్రెస్సు మిత్రులకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వస్తున్న కార్యవర్గానికి వందనాలు. తెలుగు భాషా దినోత్సవం కాబట్టి గిడుగు రామమూర్తిగారి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక కంప్యూటరు సంగతి చెప్పనివ్వండి.

నేను ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. నేను పనిచేసిన డీటీపీ కేంద్రంలో, అంటే కంప్యూటరు మీద అచ్చు పేజీలు కట్టే చోట, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఎక్స్‌పీ 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసింది. మావాళ్లు వదల్లేదు. వేసవిలో పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడితేనే అది పనిచేస్తుంది. వెనక, పాతకాలపు ప్రింటరు పోర్టుకు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క బిగించి ఉంటుంది. దాన్ని లాకు అంటాం. అది ఉంటేనే తెలుగు ఫాంట్ల ప్రోగ్రాము తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు.

మార్చేయవచ్చు కదా అంటారు మీరు. మా యజమానిని నేనూ అడిగాను. ఆయన మాట్లాడకుండా బీరువా తెరిచారు. నిండా సీడీలు. పంచాంగాలు, శతకాలు, శుభలేఖలు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాము ఫైళ్లే. దాని చివరి వెర్షన్ వచ్చిందీ 2001లోనే. "రేపు ఎవరైనా రీప్రింటు అని వస్తే నేనేం చెప్పాలి?" అన్నారు. ఆపరేటరు వేళ్లకు ఒకే కీబోర్డు అలవాటు. మారిస్తే నెలరోజులు పని సగానికి పడిపోతుంది. పేజీల లెక్కన కూలి తీసుకునే మనిషి ఆ నెల ఇల్లెలా గడుపుతాడు? దయచేసి దాన్ని బద్ధకం అనకండి.

అయితే ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదు. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ కంప్యూటరులో సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అది 1991లో మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చింది. ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలియదు. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో ఒకచోట తలకట్టు, ఇంకోచోట గుడి, మరోచోట ఒత్తు దాచిపెట్టాయి. చూసే కంటికి తెలుగు, కంప్యూటరుకు పిచ్చిగీతలు.

ఇది నాకు ఒక అమ్మాయి వల్ల తెలిసింది. చూపు లేదు, డిగ్రీ చదువుతోంది. మేము వేసిన వ్యాకరణ పుస్తకం కావాలని వస్తే పీడీఎఫ్ ఇచ్చి, ఎంతో మేలు చేశాననుకున్నాను. అక్కడే లాప్‌టాప్‌లో తెరిచింది. చదివి వినిపించే ప్రోగ్రాము ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గబగబా వల్లించడం మొదలుపెట్టింది. ఆమె తల వంచుకుని రెండు పేజీలు విన్నది. ఎక్కడైనా ఒక్క తెలుగు మాట వస్తుందేమోనని! తర్వాత మెల్లగా మూసి, "పర్వాలేదు సార్" అంది. నేను మూడుసార్లు ప్రూఫు దిద్దిన పుస్తకం అది. ఒక్క అచ్చుతప్పు లేదని గర్వపడ్డ పుస్తకం.

తెలుగులో తప్పులు పట్టే మంచి ప్రోగ్రాము ఎందుకు లేదని నన్ను చాలామంది అడుగుతారు. ఎలా వస్తుంది? అది నేర్చుకోవలసిన పుస్తకాలు ఆ గదుల్లో ఉన్నాయి. ప్రోగ్రాము చేసేవారేమో కొనేవారు లేరంటారు. షాపువారు, అది మా కంప్యూటరులో ఎక్కదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, మధ్యలో ఆ అమ్మాయి ఉంది.

ప్రెస్సు మిత్రులారా, పాత కంప్యూటరును పారేయమని నేననను. పాత పుస్తకాలకోసం ఉంచండి. కొత్త పుస్తకం మాత్రం అందులో పెట్టకండి. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో ఇవాళ యూనికోడ్ తెలుగుతో పేజీలు చక్కగా కట్టవచ్చు. రచయితలారా, చివరి వాయిదా డబ్బు చెల్లించేముందు యూనికోడ్ ఫైలు చేతికి తీసుకోండి. అడగండి. మీరు అడగనిదే వారు మారలేరు.

అయిదు నిమిషాలే ఉన్నాయని అధ్యక్షులు చీటీ పంపారు. గిడుగువారు సవరలనే గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లకు బడులు పెట్టించిన సంగతి మీకు తెలిసిందే. దాన్ని వివరంగా చెప్పాలనే వచ్చాను, క్షమించండి. మిగిలిన సమయం ఇంకొక మాటకు వాడుకుంటాను. ఆ వ్యాకరణ పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చాను. మార్పిడిలో ఒత్తులు జారి పక్క అక్షరాలకు అంటుకున్నాయి, వరుసవరుసా మళ్లీ దిద్దాలి. 212 పేజీల్లో 64 అయ్యాయి. ఆ అమ్మాయి పరీక్షలు మార్చిలో. దిద్దగలిగినవారు వెళ్లేముందు తలుపు దగ్గర ఉన్న నోటుపుస్తకంలో పేరు రాయండి. ఒక్కొక్కరికి పది పేజీలు ఇస్తాను.