తటస్థత నుంచి యుద్ధానికి: రూజ్‌వెల్ట్ ప్రసంగాల్లో ఇరవై ఏడు నెలలు

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్, ఫ్రాన్స్ జర్మనీపై యుద్ధం ప్రకటించాయి. ఆ రాత్రి అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడుతూ, తమ దేశం తటస్థంగానే ఉంటుందనీ, అయితే ప్రతి అమెరికన్ మనసులో కూడా తటస్థంగా ఉండాలని తాను కోరలేననీ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో అప్పటి అధ్యక్షుడు వుడ్రో విల్సన్ చేతల్లోనే కాదు, ఆలోచనల్లో సైతం నిష్పక్షపాతంగా ఉండమని ప్రజలను కోరారు. ఆ రెండో షరతును రూజ్‌వెల్ట్ మొదటి రోజే సడలించారు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రసంగాలు మనసుకూ చేతకూ మధ్య మిగిలిన దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాయని నా అభిప్రాయం.

అదే తేదీన మన దేశంలో జరిగినదాన్ని ఇక్కడ గుర్తు చేయకుండా ఉండలేను. వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించారు. దానికి నిరసనగా అక్టోబరు చివర, టంగుటూరి ప్రకాశం పంతులు గారు రెవెన్యూ మంత్రిగా ఉన్న మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది. అడగకుండానే యుద్ధంలోకి లాగబడ్డవారం గనుక, ప్రజలను ఒప్పించడానికి ఒక అధ్యక్షుడు రెండేళ్లకు పైగా పడిన శ్రమను మనం మరింత శ్రద్ధగా పరిశీలించాలి.

ఆ శ్రమలో విశేషమేమిటంటే, వేసిన ప్రతి అడుగునూ ఆయన యుద్ధాన్ని దూరంగా ఉంచే మార్గంగానే చెప్పారు. 1939 సెప్టెంబరు 21న ఆయుధాల ఎగుమతిపై నిషేధాన్ని తొలగించమని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ను కోరినప్పుడూ అదే వాదన. ఫ్రాన్స్ పతనమైన 1940లో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, అక్టోబరు 30న బోస్టన్‌లో, మీ బిడ్డలను పరాయి యుద్ధాలకు పంపబోమని తల్లిదండ్రులకు మాట ఇచ్చారు. మనపై దాడి జరిగితే తప్ప అనే మినహాయింపును ఆ సభలో చేర్చలేదు. డిసెంబరు 29న అమెరికా ప్రజాస్వామ్యానికి ఆయుధాగారం కావాలన్న ప్రసిద్ధ ప్రసంగంలో కూడా, విదేశాలకు సైన్యాన్ని పంపే ఉద్దేశం లేదన్న హామీ ఉంది. 1941 మార్చిలో, బ్రిటన్ వంటి దేశాలకు ఆయుధాలు అరువుగా ఇచ్చే అరువు-కౌలు చట్టం వచ్చేసరికి తటస్థత పేరు మిగిలింది గాని, అర్థం దాదాపు మారిపోయింది.

నాకు అన్నిటికంటే కలవరం కలిగించేది 1941 సెప్టెంబరు 11 నాటి ప్రసంగం. వారం క్రితం ఐస్‌లాండ్ సమీప జలాల్లో ‘గ్రీర్’ అనే అమెరికన్ యుద్ధనౌకపై జర్మన్ జలాంతర్గామి టార్పిడో ప్రయోగించింది. ముంచాలన్న ఉద్దేశంతో, హెచ్చరిక లేకుండా జలాంతర్గామే ముందు కాల్చిందని రూజ్‌వెల్ట్ ప్రజలకు చెప్పారు. జర్మన్ జలాంతర్గాములను కాటు వేసేదాకా వేచి చూడకూడని పాములతో పోల్చి, అమెరికా రక్షణకు అవసరమైన జలాల్లోకి వస్తే వాటికి ముప్పు తప్పదని హెచ్చరించారు. అయితే ఒక బ్రిటిష్ విమానం ఇచ్చిన సమాచారంతో గ్రీర్ ఆ జలాంతర్గామిని గంటల తరబడి వెంటాడిందనీ, టార్పిడో రాకముందే ఆ విమానం దానిపై బాంబులు వేసిందనీ ఆయన చెప్పలేదు. నౌకాదళాధిపతి స్టార్క్ సెనేట్ సంఘానికి ఇచ్చిన వివరణతో ఆ సంగతులు అక్టోబరులో బయటపడ్డాయి. హిట్లర్ గురించి రూజ్‌వెల్ట్ అంచనా సరైనదే. కానీ సమ్మతి కోరేవాడు జరిగినదంతా చెప్పి కోరాలి. అంచనా సరైనదైనంత మాత్రాన దాచడం ఒప్పు కాదు.

డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. మరునాడు కాంగ్రెస్ ముందు రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగం పది నిమిషాలు కూడా సాగలేదు. అందులో వాదన దాదాపు లేదు. హాంకాంగ్, గ్వామ్, ఫిలిప్పీన్స్, వేక్, మిడ్‌వే అంటూ జపాన్ దాడి చేసిన చోట్ల పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. యుద్ధం ప్రకటించమని కాదు, దాడి జరిగినప్పటి నుంచే యుద్ధస్థితి ఉన్నదని ప్రకటించమని కోరారు. సెనేట్‌లో 82 ఓట్లూ అనుకూలం. ప్రతినిధుల సభలో 388 మంది అనుకూలంగా ఓటేస్తే, జెన్నెట్ రాంకిన్ అనే సభ్యురాలు ఒక్కరే వ్యతిరేకించారు.

ఆ ప్రసంగంలో జర్మనీ ప్రస్తావన లేదు. డిసెంబరు 11న జర్మనీ, ఇటలీలే అమెరికాపై యుద్ధం ప్రకటించాయి. రెండేళ్లకు పైగా తాను హెచ్చరిస్తూ వచ్చిన శత్రువు విషయంలో రూజ్‌వెల్ట్ సభకు వెళ్లి మాట్లాడలేదు, చిన్న లిఖిత సందేశం మాత్రమే పంపారు. ఆ రెండు దేశాలతో యుద్ధస్థితిని గుర్తించే తీర్మానాలకు ఉభయ సభల్లోనూ వ్యతిరేక ఓటు ఒక్కటీ పడలేదు.