ఇత్తడి బిళ్లను ఆఖరున చూడండి: మజిల్ కార్ల అసలు రేడియేటర్‌ను గుర్తుపట్టడం

(దృశ్యం: బల్లమీద పాత రేడియేటర్, పక్కన కొలత టేపు)

నమస్కారం. ఈ రేడియేటర్ మజిల్ కారు, అంటే శక్తిమంతమైన ఇంజనున్న పాత అమెరికన్ కారు, అయిన 1969 నాటి షెవర్లే కమారోది అని చెప్పి అమ్మజూపారు. ఆ కారుకు 350 ఘనపు అంగుళాల స్మాల్ బ్లాక్ (పరిమాణంలో చిన్నరకం వి8) ఇంజను, చేతితో మార్చే నాలుగు గేర్లు ఉన్నాయి, ఏసీ లేదు. రేడియేటర్ ట్యాంకుకున్న ఇత్తడి బిళ్లమీద రెండక్షరాల సంకేతమూ విడిభాగం సంఖ్యా స్పష్టంగా కనిపిస్తున్నాయి. చాలామంది దాన్ని చదివి డబ్బు చెల్లించేస్తారు. నేను మాత్రం బిళ్లను ఆఖరున చూస్తాను, ఎందుకంటే అచ్చం అలాంటి బిళ్లలు ఇప్పుడు కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. ట్యాంకును అంత సులువుగా పుట్టించలేరు.

షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ కార్లకు రేడియేటర్లు న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో ఉన్న హారిసన్ విభాగం నుంచి వచ్చేవి. అందుకే ముందుగా ట్యాంకు రేకుపై ఆ పేరు అచ్చు కోసం వెతకాలి.

(దృశ్యం: కోర్‌పై టేపు)

తరువాత కొలత. 1967 నుంచి 1969 వరకు వచ్చిన కమారోల్లో నీరు ఒక పక్క ట్యాంకు నుంచి రెండో పక్కకు అడ్డంగా ప్రవహిస్తుంది కాబట్టి, ట్యాంకులను వదిలేసి వాటి మధ్య రెక్కలున్న భాగాన్నే, అంటే కోర్‌నే, కొలవాలి. మామూలు స్మాల్ బ్లాక్ కారుకు అది 21 అంగుళాలు, బిగ్ బ్లాక్‌కు (పెద్దరకం ఇంజనున్న కారుకు) 23 అంగుళాలు. రేడియేటర్‌ను పట్టి ఉంచే ముందరి చట్రం కూడా అందుకు తగ్గట్టే మారుతుంది.

ఇప్పుడు ట్యాంకు అంచున ఉన్న ఈ రెండు ఇత్తడి మరలను చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే గొట్టాలు ఇక్కడ బిగుస్తాయి. చేతి గేర్ల కారుకు వీటితో పనిలేదు. తరువాతి రోజుల్లో విడిగా అమ్మిన రేడియేటర్లలో ఒకే రకం అన్ని కార్లకూ సరిపోవాలని వీటిని ఉంచి, అవసరం లేనప్పుడు బిరడాలతో మూసేవారు.

(దృశ్యం: మస్టాంగ్ ఇంజను ముందు భాగం)

ఫోర్డ్ దగ్గర ఆధారం విడిభాగం సంఖ్యలోనే ఉంటుంది. సి5జడ్‌ఈ అని మొదలైతే, సి అంటే 1960ల దశకం, 5 అంటే 1965, జడ్ అంటే మస్టాంగ్, ఈ అంటే ఇంజను విభాగం. రేడియేటర్‌కు మూల సంఖ్య 8005. అందులోని సంవత్సరం ఆ భాగాన్ని రూపొందించిన ఏడాదే తప్ప కారు తయారైన ఏడాది కాదు, కనుక 1966 కారులో 5 కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. అసలు చిక్కు 1969, 1970 కార్ల మధ్య వస్తుంది: స్మాల్ బ్లాక్ ఇంజను వాటర్ పంపుకు నీరు చేరే మూతి 1970లో ప్రయాణికుడి పక్క (అమెరికా కార్లలో కుడి) నుంచి డ్రైవర్ పక్కకు (ఎడమకు) మారింది. కింది హోస్ పైపు ఏ పక్కకు వెళ్తుందో చూస్తే తేడా అక్కడే తేలిపోతుంది.

క్రైస్లర్ కార్లలో 22, 26 అంగుళాల కోర్‌లు కనిపిస్తాయి. సంఖ్యను ట్యాంకుపై వెతకాలి.

అల్యూమినియం కనబడగానే నకిలీ అనడమూ తొందరపాటే. 1960లలో షెవర్లేవారి అనేక కార్వెట్ కార్లకు హారిసనే అల్యూమినియం రేడియేటర్లు చేసింది. కమారోలో మాత్రం రాగి, ఇత్తడి ఉండాలి.

ఇక కోర్ పాడైతే, అసలు ట్యాంకులను ఉంచుకుని కోర్ మాత్రమే మార్పించడం నాకు సమ్మతమే. అయితే పని మొదలుపెట్టే ముందు పాత కోర్‌లో గొట్టాలు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి, రెక్కల ఎడం కొలిచి, ఫొటోలు తీసుకోండి. పాతది కరిగించాక ఆ ఆధారం మళ్ళీ దొరకదు.

(దృశ్యం: బిళ్ల దగ్గరగా)

మన బల్లమీది దానికి వద్దాం. ట్యాంకుపై హారిసన్ పేరు ఉంది, నొక్కులూ పాత రంగూ ఉన్నాయి. కోర్ 23 అంగుళాలు, నూనె గొట్టాల మరలు ఉన్నాయి. ట్యాంకు మసిబారినా బిళ్ల మాత్రం నిగనిగలాడుతోంది, దానిమీది సంఖ్య 21 అంగుళాల రేడియేటర్‌ది. ట్యాంకులు అసలువే, కానీ ఈ రేడియేటర్ ఆ కారుది కాదు. బిళ్ల తరువాత అంటించినది.