ఇంకుడు గుంత కూడా చెరువే
(హనుమకొండలో కాలనీ కమిటీలు, హాస్టళ్ల నిర్వాహకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లోపలికి వచ్చేటప్పుడు వేపచెట్టుకు కాస్త ఎడంగా అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత ఒకటి చూసే ఉంటారు. నిన్న సాయంత్రం దాన్ని ఒకసారి నింపి ఇంకనిచ్చాం. ఇప్పుడు మాటలు మొదలుపెట్టే ముందు మళ్లీ నిండా నింపి, లోపల ఒక స్కేలు నిలబెట్టి వచ్చాం. దాని సంగతి చివర్లో చూద్దాం.

వరంగల్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 120 గజాల స్లాబంటే దాదాపు 100 చదరపు మీటర్లు. ఆవిరి, చిమ్ముడు పోను నూటికి ఎనభై వంతులు పట్టుకున్నా 80,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదహారు మీ ఇంటి మీదే కురుస్తున్నాయి. ఆ నీళ్లన్నీ ఇవాళ మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి పోతున్నాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో ఇండ్లల్లోకి వచ్చిన వరదలో మన స్లాబుల నీళ్లు కూడా ఉన్నాయి.

మాకు ఇంకుడు గుంత ఉంది కదా అంటారు. ఉంటుంది. కానీ చాలా గుంతలు రెండు మూడు వానకాలాలకే మూసుకుపోతాయి. ఎందుకో మన చెరువులనే అడగాలి. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి పాకాల చెరువు ఇంకా నిలిచి ఉందంటే దానికి నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి ఉంది, కట్టను కనిపెట్టుకునే మనుషులున్నారు. 2015లో చెరువుల బాగు కోసం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ముందు చేపట్టిన పనుల్లో పూడికతీత ఒకటి. ఇంకుడు గుంతకూ ఇవే కావాలి: తగిన కొలత, పూడిక రాకుండా అడ్డు, మత్తడి.

కొలత చూద్దాం. గట్టి వాన గంటలో 25 మిల్లీమీటర్లు పడితే 100 చదరపు మీటర్ల స్లాబు నుంచి 2,000 లీటర్లు దిగుతాయి. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్వండి. అడుగున రెండడుగులు బండరాళ్లు, మీద అడుగున్నర 40 ఎంఎం కంకర, ఆపైన అడుగు 20 ఎంఎం కంకర, ఆరంగుళాల దొడ్డు ఇసుక. పై అడుగు ఖాళీగా వదలండి. రాళ్ల సందుల్లో, పై ఖాళీలో కలిపి 1,900 లీటర్లకు అటూ ఇటూ పడతాయి. కంకరకూ ఇసుకకూ మధ్య నైలాన్ జాలీ పరిస్తే ఇసుక కిందికి జారదు, శుభ్రం చేసేటప్పుడు తేలిగ్గా ఎత్తొచ్చు.

తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఇసుక ఖరీదని క్రషర్ రాతిపొడి పోస్తారు. అది తడిసి గట్టిపడితే చుక్క దిగదు. గ్రానైట్ కోత జరిగే చోట ఆ బురద గుంతలోకి రానిచ్చినా అంతే. ఇంకొందరు చూడ్డానికి బాగుంటుందని లోపల సిమెంటు పూస్తారు. అప్పుడది గుంత కాదు, తొట్టి. పక్కలు కూలతాయనుకుంటే సిమెంటు పెట్టకుండా రాయి పేర్చండి చాలు. ఇంటి పునాదికి పదడుగులు, సెప్టిక్ ట్యాంకుకు యాభై అడుగుల దూరం ఉండాలి. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు ఇందులోకి రానే రావద్దు. సబ్బు, జిడ్డు ఇసుకను మూసేస్తాయి. స్లాబు నీళ్లు వడపోయకుండా నేరుగా బోరు కేసింగులోకి వదలడం ఇంకా ప్రమాదం. పావురాల రెట్ట తాగేనీళ్లలో కలిసినట్టే.

పూడికకు అడ్డు స్లాబు దగ్గరే మొదలవ్వాలి. తొలివాన దుమ్మును కడుగుతుంది కాబట్టి ఆ నీళ్లను పక్కకు తప్పించాలి. చాలాచోట్ల దీనికోసం నాలుగంగుళాల పైపు మూడడుగుల ముక్క బిగించి సరిపెడతారు. అందులో పట్టేది ఏడెనిమిది లీటర్లే! 100 చదరపు మీటర్ల స్లాబుకు కనీసం 100 లీటర్లు తప్పించాలి. కాబట్టి పాత డ్రమ్ము ఒకటి పెట్టండి. అది నిండాకే నీళ్లు గుంత వైపు మళ్లేలా టీ జాయింటు వేయండి. డ్రమ్ము అడుగున అరంగుళం నల్లా కొంచెం తిప్పి ఉంచితే వాన ఆగాక దానంతటదే ఖాళీ అవుతుంది. లేకపోతే దోమలకు పుట్టిల్లు.

మత్తడి అంటే గుంత పై అంచుకు నాలుగంగుళాల కింద ఒక పైపు. నిండిన నీళ్లు రోడ్డు మీదికి కాకుండా వాననీటి కాలువలోకి పోవాలి. ఇక రోహిణి కార్తెలో, మృగశిరకు ముందే, పై రెండంగుళాల ఇసుక గీకి పారేసి కొత్తది పోయండి. ఒక మనిషికి అరపూట పని.

వాడకం గురించి హాస్టళ్ల వాళ్లకు ముఖ్యంగా ఒక మాట. ఫ్లష్ ట్యాంకు లీకు చప్పుడు చేయదు. జిలేబీకి వేసే రంగు చిటికెడు ట్యాంకులో కలిపి, ఇరవై నిమిషాలు ఎవరూ వాడకుండా చూడండి. కమోడులో రంగు కనిపిస్తే అడుగు వాషర్ పోయినట్టే. మన బోరు నీళ్ల ఉప్పు పేరుకుని రబ్బరు గట్టిపడి సరిగ్గా కూర్చోదు. పాత పది లీటర్ల ట్యాంకులో ఇసుక నింపిన లీటరు సీసా ఒకటి నిలబెట్టండి, ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుంది. రెండొందల మంది, మనిషికి ఐదుసార్లంటే రోజుకు వెయ్యి లీటర్లు. ఇటుక మాత్రం వేయొద్దు, అది నాని పొడి రాలి వాల్వులో ఇరుక్కుంటుంది.

ఆర్వో వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి, గిన్నెల మొదటి కడుగుకు బాగుంటాయి. మొక్కలకు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు చేరుతుంది. ఏసీ నీళ్లూ తుడుపుకే. సెకనుకో చుక్క కారే నల్లా రోజుకు సుమారు ఇరవై లీటర్లు పోగొడుతుంది, వాషర్ మార్చండి.

సరే, ఇప్పుడు వేపచెట్టు దగ్గరికి వెళ్దాం. గుంతలో నీటిమట్టం గంటలో రెండంగుళాలకు పైన దిగితే అది నీళ్లు బాగా ఇంకే గరుకు మొరం నేల, ఇప్పుడు చెప్పిన గుంత సరిపోతుంది. అరంగుళం కూడా దిగకపోతే రేగడి. అప్పుడు గుంత మధ్యలో మొరం తగిలేదాకా ఆరంగుళాల రీచార్జ్ బోరు వేసి, సందులున్న పైపు దింపి, చుట్టూ కంకర పోయాలి. మీ మీ ఇండ్లల్లో కూడా తవ్వే ముందు ఇదే పరీక్ష చేయండి. స్కేలు ఎవరైనా ఒకరు చదవండి, మిగతావాళ్లు రాసుకోండి.