ఓను: మూడక్షరాల సూర్యనగరం

సభకు నమస్కారం.

బైబిలులోని ఆదికాండం 41వ అధ్యాయంలో ఈజిప్టు రాజైన ఫరో యోసేపుకు పదవితోపాటు పెళ్లి సంబంధం కూడా కుదురుస్తాడు. వధువు పేరు ఆసెనతు; ఆమె తండ్రి పోతీఫెర, ఓను పట్టణపు యాజకుడు. చదివేవారి దృష్టి యోసేపు వైభవం మీదే ఉంటుంది కనుక ఓను అనే మాట ఇట్టే దాటిపోతుంది. ఈ సాయంత్రం నేను ఆ ఒక్క మాట దగ్గరే ఆగదలచాను.

ఇది హీబ్రూవారు కల్పించుకున్న పేరు కాదు. నేటి కైరో నగరపు ఈశాన్య భాగంలో, మతరియా ప్రాంతంలో వెలసిన ఆ ఊరిని ఈజిప్షియన్లు ‘స్తంభం’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. పండితులు దాన్ని ‘ఇయును’ అని పలుకుతారు. ఈజిప్టు క్రైస్తవుల కోప్టిక్ భాషలో అది ‘ఓన్’గా మిగిలింది కాబట్టి హీబ్రూ లేఖకులు చెవిన పడినదాన్నే రాసుకున్నారనవచ్చు. ఆ ఊరి దైవం సూర్యుడు, అంటే ‘రా’. పోతీఫెర అన్నా ‘రా ఇచ్చినవాడు’ అనే అర్థం. మన భాషలో సూర్యదత్తుడు అనుకోవచ్చు. సూర్యాలయ యాజకుడికి ఇంతకన్నా తగిన పేరేముంటుంది!

అసలు చిక్కు ఇదే ఊరిని ప్రస్తావించే యెహెజ్కేలు 30:17లో ఉంది. ప్రాచీన హీబ్రూ రాతలో ప్రధానంగా హల్లులే కనిపిస్తాయి. గుణింతం లేకుండా మనం ‘క’, ‘ల’ మాత్రమే రాసి వదిలేస్తే కల, కాలు, కీలు, కోల అన్నీ అందులోనే దాగి ఉన్నట్టు, అలెఫ్, వావ్, నూన్ అనే మూడు అక్షరాలను ‘ఓన్’ అనీ చదవవచ్చు, ‘ఆవెన్’ అనీ చదవవచ్చు. ‘ఆవెన్’ అంటే దుష్టత్వం, వ్యర్థత. హీబ్రూ బైబిలు పాఠాన్ని కాపాడిన యూదు పండితులు, అంటే మసోరెట్లు, క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దాల మధ్య అచ్చుల గుర్తులు చేర్చినప్పుడు ఇక్కడ ‘ఆవెన్’ అనే పాఠమే నిలిచింది. ఇది పొరపాటని నేననుకోను. దేవుని ఇల్లు అనే అర్థమున్న బేతేలు పట్టణాన్ని హోషేయ ప్రవక్త ‘బేతావెను’, అంటే దుష్టత్వపు ఇల్లు, అని ఎద్దేవా చేసిన సంప్రదాయం అప్పటికే ఉంది.

యిర్మీయా 43:13 ఆ పేరును పలకకుండా అనువదించింది: బేత్ షెమెష్, సూర్యుని ఇల్లు. యూదాలోనూ అదే పేరున్న ఊరు ఉంది కనుక ‘ఐగుప్తు (ఈజిప్టు) దేశంలోనిది’ అని విడమరచింది. యెషయా 19:18లో ఈజిప్టులోని ఒక ఊరిని మసోరెట్ పాఠం ‘నాశన పట్టణం’ అంటుండగా, మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట ‘సూర్య పట్టణం’ అంటుంది. తేడా అల్లా చూడ్డానికి ఒకేలా ఉండే ‘హే’, ‘హేత్’ అక్షరాలదే. గ్రీకు అనువాదకులకు మాత్రం ఏ గొడవా లేదు. ఆదికాండంలో నేరుగా హెలియోపొలిస్, అంటే సూర్యనగరం, అని రాశారు.

ఆ ఊరి స్తంభాలను బబులోను రాజు నెబుకద్రెజరు విరగ్గొడతాడని యిర్మీయా ప్రవచనం. తర్వాత రోమన్లు రెండింటిని అలెగ్జాండ్రియాకు తరలించగా, 19వ శతాబ్దంలో ఒకటి లండన్‌కు, మరొకటి న్యూయార్క్‌కు చేరాయి. ఈజిప్టు రాజు మొదటి సెనుస్రెత్ నిలిపిన, సుమారు 20 మీటర్ల ఎర్ర గ్రానైట్ స్తంభం ఒకటి మాత్రం మతరియాలో ఇంకా నిలిచే ఉంది. దాని పక్క పేటను అరబ్బీలో ‘అయిన్ షమ్స్’ అంటారు. ఆ ‘షమ్స్’, యిర్మీయా వాడిన ‘షెమెష్’ తోబుట్టువులే.