పందికొక్కు ప్రయాణం

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషులో బాండికూట్ అని ఒక మాట ఉంది. రోజూ చెవిన పడేది కాదు. అది ఎక్కడ పుట్టిందా అని పెద్ద నిఘంటువు తిరగేస్తే 'తెలుగు' అని కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. అది మన పందికొక్కే! కొక్కు అంటే పెద్ద ఎలుక. బెదిరిస్తే పందిలా గురగురలాడుతుంది. ఈ పేరు పెట్టినవాళ్లు రాత్రిపూట గాదె పక్కన ఆ చప్పుడు విన్నవాళ్లే అయి ఉంటారు.

ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అది బాండికూట్ అయింది. వాళ్లు వాడిన ఇండియా మాటల్ని పోగుచేసి యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనూ ఉంది. దేవగిరి కోట చెరసాలలో పిల్లులే భయపడి పారిపోయేంత పెద్ద ఎలుకలున్నాయని 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాసిన మాటను ఈ పదం కిందే చేర్చారు. జంతుశాస్త్రంలో ఈ ప్రజాతి పేరు బాండికోటా.

అసలు విచిత్రం ఆస్ట్రేలియాలో జరిగింది. 1799లో అక్కడ తిరిగిన జార్జ్ బాస్ ఒక పొడుగు మూతి జంతువుకి ఈ పేరు వాడాడు. దానికి ఎలుకతో చుట్టరికమే లేదు. కంగారూలా పిల్లల్ని పొట్ట సంచిలో పెంచుతుంది. నేల తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా ఆ సంచి నోరు వెనకవైపుకి ఉంటుంది.

ఆస్ట్రేలియావాళ్లు ఈ పేరుని క్రియగా కూడా మార్చుకున్నారు. పైన మొక్క కదలకుండా, కింద మట్టిలో చెయ్యి పెట్టి బంగాళాదుంపలు దొంగిలిస్తే దాన్ని 'బాండికూట్ చేయడం' అంటారు. ఆకులు పచ్చగానే ఉంటాయి, పీకి చూస్తే దుంపలుండవు. పందికొక్కులు పడ్డ వేరుశనగ చేను చూసిన మన రైతుకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మనకి మాత్రం అది తిట్టు. జనం సొమ్ము కాజేసినవాళ్లని 'పందికొక్కుల్లా మెక్కారు' అంటాం. అయితే 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి తెచ్చిన రోబోకి యువ ఇంజినీర్లు పెట్టిన పేరు బాండికూట్. మనుషులు ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకునే ఆ గోతిలోకి అది దిగి చెత్త ఎత్తుతుంటే, కార్మికుడు పైన నిలబడి తెర మీద చూస్తూ దాన్ని నడుపుతాడు.