టాస్క్ మేనేజర్ తెరుచుకోకపోతే: ముందు తాళం ఎవరిదో చూడండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం నుంచి వచ్చిన డీటీపీ షాపుల వాళ్లూ, సేవా కేంద్రాలు నడిపేవాళ్లూ, బడుల్లో కంప్యూటర్ ల్యాబు చూసుకునే మాస్టార్లూ ఇక్కడున్నారు. కమాండ్లో ఒక్క అక్షరం తప్పినా పనవదు. అందుకే నోటితో చెప్పేవన్నీ పక్కన బోర్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంచాం, చూసి ఎక్కించుకోండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు చూపించి బిగుసుకున్నవాటిని ఆపనిచ్చే విండో, రావాలి. దాని బదులు చిన్న పెట్టె వస్తుంది: మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశారు అని. షాపు యజమానికి ఒళ్లు మండుతుంది. "అడ్మినిస్ట్రేటర్ని నేనే కదా, నేనెప్పుడు ఆపాను?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. విండోస్‌కి తెలిసిందల్లా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఉన్న ఒక అంకె. డిజేబుల్‌టాస్క్‌ఎంజీఆర్ అనే విలువ 1 అయి ఉంటే ఆ పెట్టె చూపిస్తుంది. ఆ 1ని పై ఆఫీసు రాసినా, పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్ రాసినా వచ్చే మెసేజీ ఒక్కటే. కాబట్టి తాళం తీసే పని తర్వాత. ఎవరు వేశారో తేలాలి ముందు.

మిషను ఎవరిదో చూడండి. బిల్లు మీ పేరున ఉందా, లేక బ్యాంకో బడో శాఖో ఇచ్చిందా? అడుగున ఆస్తి నంబరు స్టిక్కరు ఉంటుంది, తిరగేసి చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తెరవండి. అక్కడ ఏదైనా సంస్థ ఖాతా కలిపి ఉంటే పగ్గాలు వాళ్ల చేతిలో ఉండే అవకాశం ఉంది. కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు కొట్టే నల్ల విండో) తెరుచుకుంటే డీఎస్‌రెగ్‌సీఎండీ స్లాష్ స్టేటస్ కొట్టండి. అజ్యూర్‌ఏడీజాయిన్డ్, డొమైన్‌జాయిన్డ్ అనే రెండు వరసల్లో దేనికి యెస్ అని వచ్చినా ఆ మిషను ఒక సంస్థ కిందిది. మరో మాట. కొన్ని సెట్టింగులు మీ సంస్థ నిర్వహిస్తోంది అనే ఎర్ర అక్షరాల వరస ఒక్కటే చూసి కంగారు పడొద్దు. విండోస్ వేగం పెంచుతామని చెప్పే చిల్లర ప్రోగ్రాములు నడిపినా ఇంటి మిషన్లో ఆ వరస వస్తుంది.

ఇక జీపీరిజల్ట్ స్లాష్ హెచ్, ఆ తర్వాత ఫైలు పేరు. ఇది ఆ మిషనుకు వర్తించిన పాలసీలన్నీ, అంటే దాని మీద పెట్టిన నియమాలన్నీ, ఒక పేజీగా తీసి ఇస్తుంది. టాస్క్ మేనేజర్ ఆపిన పాలసీ అందులో ఉంటే ఏ జీపీవో (పాలసీల మూట) నుంచి వచ్చిందో ఎదురుగా రాసి ఉంటుంది. రిజిస్ట్రీలో 1 ఉండి, పేజీలో దాని ఊసే లేకపోతే అనుమానించాలి. ఎవరో, ఏదో ప్రోగ్రామో నేరుగా రిజిస్ట్రీలో రాసిపోయినట్టు. ఫోన్లలాగా, సంస్థ దూరం నుంచి ఇంట్యూన్ వంటి సేవలతో నడిపే మిషన్లైతే ఆ పాలసీలు ఈ పేజీలో కనపడవు. వాటి రిపోర్టు యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ కిందనే, ఇన్ఫో నొక్కితే దొరుకుతుంది.

సంస్థది అని తేలితే అక్కడే చేతులు వెనక్కి తీసుకోండి. తీసే దారి తెలిసినా సరే. మన దగ్గర చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే: "నిన్న విలువ చెరిపాను, ఇవాళ్టికీ తిరిగి రాలేదు, అంటే వాళ్లకి అభ్యంతరం లేదు" అనుకుంటారు. డొమైన్ మిషను (సంస్థ నెట్‌వర్క్‌కి కట్టిన మిషను) 90 నిమిషాలకోసారి, దాని మీద 30 నిమిషాల దాకా తేడాతో, పాలసీలు సరిచూసుకుంటుంది. కానీ ఆఫీసు వైపు పాలసీ మారకపోతే మామూలుగా దాన్ని మళ్లీ రాయదు. ఎప్పుడో వాళ్లు ఏదో మార్చిన రోజున మీ పని బయటపడుతుంది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లో వేలు పెట్టడం ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కిందికి వస్తుంది. మోసపు ఉద్దేశం కూడా ఉంటే సెక్షన్ 66, మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

అడ్మినిస్ట్రేటర్‌కి రాసేటప్పుడు "టాస్క్ మేనేజర్ తెరవండి" అని అడక్కండి. మీకు కావలసింది పని. "పరీక్ష ఫారాలు ప్రింటు కొడుతుంటే ప్రింటర్ క్యూ ఆగిపోతోంది, రోజుకి రెండు మూడుసార్లు" అని రాయండి. మిషను పేరు, మెసేజీ ఫోటో, టైము, జీపీరిజల్ట్ పేజీ జతచేయండి. క్యూ ఖాళీ చేసే హక్కు ఒక్కటే ఇస్తే వాళ్లకీ సుఖం, మీకూ సుఖం. ఈలోగా ప్రోగ్రాము బిగుసుకుపోతే ఆల్ట్, ఎఫ్4 నొక్కండి. కదలకపోతే సైన్ అవుట్ అయి మళ్లీ రండి.

సొంత మిషనే, మీరు వేయని తాళమే అని తేలిందనుకోండి. అసలు ఎలా పడుతుంది? పాతపట్నం నుంచి పెళ్లి కార్డు పట్టుకుని ఒకాయన వస్తాడు. పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డరు కనపడుతుంది, దాని మూల చిన్న బాణం గుర్తు. అది ఫోల్డరు కాదు, షార్ట్‌కట్. రెండుసార్లు నొక్కితే ముందు డబ్ల్యూస్క్రిప్ట్ (స్క్రిప్టులు నడిపే విండోస్ ప్రోగ్రాము) ద్వారా వైరస్ నడుస్తుంది, ఆ వెనకే అసలు ఫోల్డరు తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నొక్కేముందు కుడి బటన్‌తో ప్రాపర్టీస్ తెరిచి టార్గెట్ గడి చదవండి, గుట్టు రట్టవుతుంది. రెండో దారి దొంగ కాపీలు. అను ఫాంట్లకో ఒడియా ఆకృతికో క్రాక్ అని చేతులు మారే ఫైళ్లు. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని రాసి ఉన్న ఫైలుని నమ్మడం కంటే తెలివితక్కువ పని లేదు. శాలిటీ, బ్రోంటాక్ లాంటి పాత వైరస్‌లు రిజిస్ట్రీ ఎడిటర్ని ముందే ఆపేసేవి, తమని ఎవరూ పీకేయకుండా.

అందుకే ముందు శుభ్రం, తర్వాతే తాళం. వైరస్ నడుస్తుండగా విలువ చెరిపితే క్షణాల్లో తిరిగి రాస్తుంది. నెట్ తీసేయండి, పెన్‌డ్రైవ్‌లన్నీ పీకండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్, ఆఫ్‌లైన్ స్కాన్. మిషను రీస్టార్టై, విండోస్ లేవకముందే సుమారు 15 నిమిషాలు వెతుకుతుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లాల్సొస్తే, డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న ల్యాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది చేతిలో పెట్టుకునే మొదలుపెట్టండి.

శుభ్రమయ్యాక విండోస్ ప్రోలో జీపీఎడిట్ (పాలసీలు మార్చే ప్రోగ్రాము) తెరవండి. యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, కంట్రోల్ ఆల్ట్ డెల్ ఆప్షన్స్, రిమూవ్ టాస్క్ మేనేజర్. అక్కడ నాట్ కాన్ఫిగర్డ్ అనే ఉన్నా తాళం పోకపోతే ఒకసారి ఎనేబుల్డ్ చేసి అప్లై కొట్టి, మళ్లీ నాట్ కాన్ఫిగర్డ్‌కి తెండి. రిజిస్ట్రీ ఎడిటర్ తాళానికి అదే సిస్టమ్ కింద వేరే వరస ఉంది. హోమ్ ఎడిషన్‌లో జీపీఎడిట్ ఉండదు. రిజిస్ట్రీలో హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్, సిస్టమ్ దగ్గరికెళ్లి, ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, విలువ చెరపండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. షాపులో పనిచేసే కుర్రాడి ఖాతాలో కూర్చుని, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని మీ పాస్‌వర్డ్ కొడతారు. అప్పుడు కరెంట్ యూజర్ అంటే కుర్రాడు కాదు, మీరు! మీ వైపు విలువ వెతుకుతారు, అది ఉండదు. కుర్రాడి తాళం అలాగే ఉంటుంది. "చెరిపినా పోలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వరకు ఇదే. హెచ్‌కీ యూజర్స్ కింద అతని ఖాతా గుర్తింపు సంఖ్య అయిన పొడుగాటి ఎస్‌ఐడీ దగ్గర చెరపాలి. అతని ఎస్‌ఐడీ తెలియాలంటే అతని ఖాతాలో హూయామై స్లాష్ యూజర్ కొట్టండి.

మెసేజీయే రాకుండా టాస్క్ మేనేజర్ ఊరుకుంటే చూడాల్సిన చోటు వేరు: రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్‌లో టాస్క్‌ఎంజీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ, దానికి డీబగ్గర్ అనే విలువ. ఆ విలువలో ఏ ప్రోగ్రాము పేరుంటే టాస్క్ మేనేజర్ బదులు అదే నడుస్తుంది. చూడగానే చెరిపేయకండి. టాస్క్ మేనేజర్ పనే చేసే మైక్రోసాఫ్ట్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ని టాస్క్ మేనేజర్ బదులు పెట్టుకున్నా ఆ విలువే పడుతుంది. అందులో ఉన్న ఫైలు పేరు చదివి, అది మీరు పెట్టిందో కాదో తేల్చుకోండి.

పెన్‌డ్రైవ్‌లో దాగిపోయిన అసలు ఫోల్డర్ల కోసం ఆట్రిబ్ మైనస్ హెచ్ మైనస్ ఆర్ మైనస్ ఎస్, స్లాష్ ఎస్ స్లాష్ డీ, దాని ముందో వెనకో డ్రైవ్ అక్షరం. ఆ అక్షరం ఈనో ఎఫ్ఫో రెండుసార్లు చూసుకోండి, పొరపాటున సీ కొట్టారంటే దాచి ఉంచాల్సిన సిస్టమ్ ఫైళ్లన్నీ బయటికొస్తాయి. పెళ్లి కార్డు ఫైలు దొరికాక పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, ఫైలు తిరిగి వేసి, ఆయన చేతికివ్వండి.